పారిస్ విమానం ఎక్కేముందు నోటికి పట్టించుకోవాల్సిన ఫ్రెంచి

వేసవి సెలవులకు పారిస్ వెళ్లేవాళ్లు స్వెట్టర్లు, పచ్చళ్లు, ఫారెక్స్ కార్డు అన్నీ వారం ముందే సర్దుకుంటారు. భాష దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఉందిగా’ అని వదిలేస్తారు. మెట్రో సొరంగంలో సిగ్నల్ పోతే? ఆ ఫోనే ఎవరైనా కొట్టేస్తే? భాషంతా నేర్చుకోనక్కర్లేదు. ఇబ్బందిలో పడకుండా కాపాడే మాటలు కొన్ని ఉన్నాయి, అవి చాలు.

ముందు పలకడం గురించి ఒక్క మాట. ఇక్కడ అరసున్న పెట్టిన చోటల్లా ముక్కుతో పలకండి. త, ద అక్షరాలు మన తెలుగులో పలికినట్టే పలకండి, ట, డ అనకండి. ఈ విషయంలో మనకు ఇంగ్లిష్‌వాళ్ల కన్నా సులువు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ‘బోఁజూర్’ (నమస్కారం). షాపులోకి అడుగు పెట్టగానే, ఏమీ కొనకపోయినా, కౌంటర్ దగ్గరున్న మనిషి ముఖం చూసి బోఁజూర్ అనాలి. బస్సెక్కితే డ్రైవరుకూ అంతే. సాయంత్రమైతే ‘బోఁస్వార్’. పలకరించకుండా నేరుగా ‘హౌ మచ్?’ అంటే అక్కడ మర్యాద తెలియని మనిషి కింద లెక్క, జవాబు కూడా ముక్తసరిగా వస్తుంది. బోఁజూర్ అన్నాక ‘వు పార్లే ఆఁగ్లే?’ (మీకు ఇంగ్లిష్ వచ్చా?) అని అడిగి చూడండి, చాలామంది తమకు వచ్చిన ఇంగ్లిష్‌లో సాయం చేస్తారు. ఏది అడిగినా చివర ‘సిల్ వు ప్లె’ (దయచేసి), తీసుకున్నాక ‘మెర్సి’ (థాంక్స్). గుంపులో దారి కావాలంటే ‘పార్దోఁ’.

శాకాహారులకు అసలు టెన్షన్ తిండి దగ్గరే. ‘జ స్వి వెజెతారియాఁ’ అనాలి, ఆడవాళ్లయితే ‘వెజెతారియెన్’. అక్కడితో ఆగితే సరిపోదు. మాంసం తినరంటే చేపలు తింటారేమో అనుకునేవాళ్లు ఉంటారు. అందుకే విడమరిచి చెప్పాలి: ‘సాఁ వ్యాఁద్’ మాంసం లేకుండా, ‘సాఁ ప్వాసోఁ’ చేప లేకుండా, ‘సాఁ జెఫ్’ గుడ్డు లేకుండా. సలాడ్ కదా అని ధీమాగా ఆర్డర్ ఇవ్వకండి. ఆకుల మధ్య చిన్న చిన్న గులాబీ రంగు ముక్కలు కనిపిస్తే అవి లార్దోఁ, అంటే పంది మాంసం. కిష్ లొరేన్ అనే గుడ్ల పైలోనూ అవే ఉంటాయి. ఉల్లిపాయల సూప్‌ని చాలాచోట్ల గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతోనే కాస్తారు. మెనూలో పోర్, జాఁబోఁ అని ఉంటే పంది, బఫ్ అంటే గొడ్డుమాంసం, పూలే అంటే కోడి. పల్లీలు పడనివాళ్లు ‘జ స్వి అలెర్జీక్ ఓ కాకావెత్’ అన్న వాక్యాన్ని ఎవరిచేతనైనా ఫ్రెంచిలో కాగితం మీద రాయించి పర్సులో పెట్టుకోవాలి. ఇలాంటి విషయంలో మన ఉచ్చారణ మీద ఆధారపడకూడదు.

దాహమేస్తే ‘యూన్ కరాఫ్ దో, సిల్ వు ప్లె’ అనండి. భోజనంతోపాటు కుళాయి నీళ్లు జగ్గుతో ఉచితంగా ఇస్తారు, తాగడానికి మంచివే. వట్టి ‘వాటర్’ అంటే బాటిల్ వచ్చి బిల్లులో చేరవచ్చు.

డబ్బు లెక్కల దగ్గర 70 నుంచి జాగ్రత్త. 70ని అరవై-పది అంటారు, 92ని నాలుగు-ఇరవైలు-పన్నెండు అంటారు. ‘స్వాసాఁత్’ అని వినగానే 60 యూరోలే అనుకుని నోట్లు లెక్కపెట్టకండి, వెనకాల ఇంకో అంకె రావచ్చు. ‘వు పువే లెక్రీర్?’ అంటే రాసి చూపిస్తారు. బిల్లు మీద 12,50 అని ఉంటే కంగారు పడొద్దు, కామా అంటే అక్కడ దశాంశ బిందువు.

స్టేషన్లలో ‘గ్రెవ్’ అన్న మాట చెవిన పడితే సమ్మె అని అర్థం, వెంటనే వేరే దారి చూసుకోండి. బోర్డు మీద ‘రతార్’ అంటే ఆలస్యం, ‘సుప్రిమే’ అంటే రద్దు. ‘సోర్తి’ బయటికి దారి. టికెట్‌ను బయటికి వచ్చేదాకా పారేయొద్దు, తనిఖీలో చూపించలేకపోతే అక్కడికక్కడే జరిమానా.

ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం దగ్గర మోసగాళ్లు అట్ట మీద కాగితాలు పట్టుకొని సంతకం పెట్టమని చుట్టుముడతారు. సాక్రె కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టేస్తారు. మనం అటు చూసేలోపు బ్యాగు ఖాళీ అవుతుంది, లేదా దారానికి డబ్బు గుంజుతారు. చేతులు జేబులో పెట్టుకుని ‘నోఁ, మెర్సి’ అంటూ నడుస్తూనే ఉండండి, ఆగకండి. వదలకపోతే గట్టిగా ‘లెసే మ్వా!’ (నన్ను వదలండి) అనండి. దొంగతనం జరిగితే ‘ఓ వొలర్!’, ప్రాణం మీదికొస్తే ‘ఓ స్కూర్!’ అని అరవాలి.

ఒంట్లో బాగాలేకపోతే నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి ‘జె మాల్ ఇసి’ అంటే చాలు. ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉన్నది మందుల షాపు. యాంటీబయాటిక్స్ ‘ఒర్దొనాఁస్’ (డాక్టర్ చీటీ) లేకుండా ఇవ్వరు. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్ల మందులు సరిపడా తీసుకెళ్లాలి, చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించాలి. ఎమర్జెన్సీకి 112, నేరుగా అంబులెన్స్‌కు 15, పోలీసులకు 17, అగ్నిమాపక దళానికి 18.

పాస్‌పోర్ట్ ఎవరైనా కొట్టేస్తే దగ్గర్లోని కొమిసారియాకు (పోలీస్ స్టేషన్) వెళ్లి ‘జ వూద్రే పోర్తే ప్లాఁత్’ అంటే ఫిర్యాదు తీసుకుంటారు. దాని కాపీ అడిగి తీసుకోండి. 16వ వార్డులో ఉన్న మన రాయబార కార్యాలయంలో కొత్త పత్రాలకూ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ అది అడుగుతారు.