కంప్యూటర్ దొంగచాటుగా ఫోన్లు చేయకుండా ఆపాలంటే

డయలర్ అనేది చాలా చిన్న ప్రోగ్రామ్. మీ ఫైళ్ల జోలికి రాదు, పాస్‌వర్డ్‌లు కొట్టేయదు, మోడెమ్ (కంప్యూటర్‌ని ఫోన్ లైన్‌కి కలిపే పరికరం) చేత నిమిషానికి ఇంత అని గుంజే నంబర్‌కి ఫోన్ చేయించి ఊరుకుంటుంది. బిల్లు చేతికొచ్చేదాకా ఎవరికీ అనుమానం రాదు. 1997లో అమెరికాలో బయటపడ్డ కేసు చూడండి: బొమ్మలు ఫ్రీగా చూడాలంటే ఈ వ్యూయర్ దించుకోండి అన్నారు, దించుకుంటే అది ఉన్న కనెక్షన్ కట్ చేసి, మోడెమ్ స్పీకర్ మూసేసి, తూర్పు యూరప్ దేశం మోల్డోవా నంబర్‌కి డయల్ చేసేది, రేటు నిమిషానికి 2 డాలర్ల పైనే. ఆ సైట్ నుంచి బయటికొచ్చేసినా లైన్ మాత్రం నడుస్తూనే ఉండేది. వినియోగదారుల తరఫున చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కాల్సి వచ్చింది.

అందుకే యాంటీవైరస్ కంటే ముందు సీపీయూ వెనక్కి చూడండి. సన్నటి టెలిఫోన్ వైరు దానికి నేరుగా గుచ్చి ఉందా? నెట్ రూటర్ నుంచి వైఫైలోనో లావు కేబుల్‌లోనో వస్తుంటే డయలర్‌కి డయల్ చేసే దారే లేదు. చిక్కల్లా ఎక్కడంటే, బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాక కూడా ఫ్యాక్స్ కోసమనో, ఎవరూ పట్టించుకోకనో పాత మోడెమ్ కార్డుకి ఆ వైరు అలాగే ఉండిపోతుంది. పీకేయండి. ఫ్యాక్స్ పంపేటప్పుడు పెట్టుకోవచ్చు.

డయలప్ (ఫోన్ లైన్ మీద డయల్ చేసి నెట్ వాడటం) తప్పదనుకునేవాళ్లు ఫోన్ కంపెనీకి చెప్పి ప్రీమియం నంబర్లు, అంటే ఆ ఎక్కువ రేటు గుంజే నంబర్లు, బ్లాక్ చేయించండి. బ్రిటన్‌లో 09తో, జర్మనీలో 0900తో, అమెరికాలో 900తో మొదలయ్యేవి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, కానీ మోల్డోవా నంబర్ 900 కిందకి రాదు కదా, అది మామూలు ఐఎస్‌డీ కాల్. కాబట్టి ఐఎస్‌డీ కూడా విడిగా బంద్ చేయించాలి. ఊళ్లో అమ్మానాన్నల ల్యాండ్‌లైన్‌కి కూడా అంతే, విదేశాలకు వాళ్లు చేసే కాల్స్ వాట్సాప్‌లోనేగా.

విండోస్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, మీరు పెట్టని కొత్త కనెక్షన్ ఏదైనా ఉందేమో, ఉన్నదాంట్లో నంబర్ మారిందేమో చూడండి, డీఫాల్ట్ టిక్ దేనికి ఉందో కూడా. మోడెమ్ స్పీకర్ ఆన్‌లోనే ఉంచండి, ఆ గీగీ రొద చిరాకే అయినా పనికొస్తుంది. నెట్ చూస్తుండగా లైన్ తెగి మళ్లీ టకటకా డయల్ చేస్తున్న చప్పుడు వినిపిస్తే క్యాన్సిల్ బటన్ కోసం వెతుక్కోకుండా వైరు లాగేయండి.

ఈపాటికే దెబ్బ తగిలి ఉంటే కంగారులో ఆ ప్రోగ్రామ్ డిలీట్ చేయకండి, బిల్లు మీద గొడవపడటానికి మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. స్క్రీన్‌షాట్లు తీసి, ఫైల్ కాపీ పక్కన పెట్టి, ఆ తర్వాత తీసేయండి. ఫోన్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, గొడవ లేని మొత్తం మాత్రం గడువులోగా కట్టేయండి.

ఇదంతా పాతకాలం గోల అనిపిస్తోందా? ఇదే వ్యాపారం ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో నడుస్తోంది. జోకర్ రకం యాప్‌లు 1,700 దాకా ప్లే స్టోర్ నుంచి తీసేశామని 2020 జనవరిలో గూగుల్ చెప్పింది. అవి వాల్‌పేపర్ యాప్ లాగానో స్కానర్ లాగానో వచ్చి మీకు తెలియకుండా డబ్బు సర్వీసుల్లో చేర్పించేస్తాయి. కాబట్టి వాల్‌పేపర్ యాప్ ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగితే వద్దనేయండి. సెట్టింగ్స్‌లో ప్రీమియం ఎస్ఎంఎస్ అని వెతికితే ఏ యాప్‌కి ఆ అనుమతి ఉందో కనిపిస్తుంది. మన దగ్గర ప్రీపెయిడ్ బ్యాలెన్స్ ఊరికే తరిగిపోతుంటే 155223కి స్టాప్ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టండి, ఏమేం యాక్టివేట్ అయి ఉన్నాయో తెలుస్తుంది, అక్కడే ఆపేయొచ్చు.