ఇండెక్స్‌కు లాక్ పడిందా? ఆ ఫైలు మీద చెయ్యి వేసే ముందు

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లు రాసే అమ్మకం బిల్లులు, అంటే తక్‌పట్టీలైనా, విజయవాడ ఆడిటర్ల దగ్గర పేరుకున్న పాత రిటర్నులైనా స్కాన్ చేసి సెర్చ్‌లో పెట్టుకునే ఆఫీసుల్లో అడుగున నడిచేది చాలాచోట్ల అపాచీ లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్. కాగితాల్లోని మాటలకు అది కట్టే పట్టికే ఇండెక్స్. అందులో ఒకేసారి ఇద్దరు రాయకుండా వేసే అడ్డే లాక్. పైన సోలర్ అనే సెర్చ్ సర్వర్ ఉండొచ్చు, సొంత కంప్యూటర్‌లో ఫైళ్లు వెతికే డాక్‌ఫెచర్ ఉండొచ్చు, ఎవరో కుర్రాడు రాసిచ్చిన జావా ప్రోగ్రామూ ఉండొచ్చు. ఒక పొద్దున పాత బిల్లులు దొరుకుతాయి, నిన్నటివి దొరకవు. సోలర్‌లోనైతే ఆ కోర్, అంటే ఆ ఇండెక్స్‌ను నడిపే భాగం, అసలు లేవనే లేవదు. లాగ్ తెరిస్తే ‘లాక్ అబ్టెయిన్ ఫెయిల్డ్’ అని ఉంటుంది. పాతవి ఎందుకు దొరుకుతున్నాయంటే, చదవడానికి లాక్ అక్కర్లేదు. రాసేవాడికే కావాలి, అదీ ఒక్కడికే.

ఇండెక్స్ ఫోల్డర్‌లో ‘రైట్ డాట్ లాక్’ (write.lock) అనే ఫైలు కనబడగానే డిలీట్ కొట్టడం అందరూ చేసే పని. లూసీన్ మామూలుగా వాడేది ‘నేటివ్’ లాక్. ఇందులో ఫైలు గుమ్మం మాత్రమే, గడియ పెట్టేది ఆపరేటింగ్ సిస్టం. ప్రోగ్రాం సవ్యంగా ఆగిపోయినా ఫైలు అక్కడే పడి ఉంటుంది, దానివల్ల నష్టమేమీ లేదు. కరెంటు పోయి సర్వర్ ఠప్పున ఆగినా గడియ దానంతటదే ఊడిపోతుంది. కాబట్టి ‘నేటివ్’లో లాక్ దొరకలేదంటే, పట్టుకున్న ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఎక్కడో బతికే ఉందన్నమాట.

బతికుండగా లినక్స్‌లో ఫైలు చెరిపేస్తే ఏమవుతుంది? పాత ప్రాసెస్ చెరిగిన ఫైలునే పట్టుకుని ఉంటుంది. కొత్తది అదే పేరుతో ఇంకో ఫైలు పుట్టించి, లాక్ దొరికిందని రాయడం మొదలెడుతుంది. ఒకే ఇండెక్స్‌లో ఇద్దరు రాస్తే అది పాడైపోవచ్చు. లూసీన్ 5 తర్వాతి వెర్షన్లు దీన్ని కొంతవరకు పసిగట్టి పాత రైటర్‌ను ఆపేస్తాయి. దాన్ని నమ్ముకుని ఫైలు చెరపడం మాత్రం తెలివైన పని కాదు.

ముందు లాగ్‌లో ఆ వాక్యం చివరిదాకా చదవండి. ‘హెల్డ్ బై దిస్ వర్చువల్ మెషీన్’ అంటే దొంగ ఇంట్లోనే, అదే జావా ప్రోగ్రాం లోపలే ఉన్నాడు: రెండు సోలర్ కోర్‌లకు ఒకే డేటా ఫోల్డర్ ఇచ్చారు, లేదా వెబ్ యాప్‌ను రీలోడ్ చేసినప్పుడు పాత ఇండెక్స్ రైటర్‌ను మూయలేదు. కోర్ కాపీ కొట్టి పేరు ఒక్కటే మార్చినచోట మొదటి తప్పు తరచూ దొర్లుతుంది. ‘హెల్డ్ బై అనదర్ ప్రోగ్రాం’ అంటే బయటివాడు. ‘యాక్సెస్ డినైడ్’ అంటే అసలు లాక్ గొడవే కాకపోవచ్చు. ఎవరో ఒకసారి రూట్‌గా, అంటే అడ్మిన్ యూజర్‌గా, సోలర్ నడిపి ఉంటారు, ఫైళ్లు రూట్ పేరున పడి ఉంటాయి. ఫోల్డర్ మొత్తాన్ని మళ్లీ సోలర్ యూజర్ పేరుకు మారిస్తే సరి.

బయటివాడిని పట్టుకోవడానికి లినక్స్‌లో ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ కమాండ్‌కు ఆ లాక్ ఫైలు పూర్తి దారి ఇవ్వండి. సుడో, అంటే అడ్మిన్ హక్కులు, తప్పనిసరి, లేకపోతే వేరే యూజర్ ప్రాసెస్‌లు కనబడవు. ఖాళీగా వచ్చింది కదా, ఎవరూ లేరు అని పొరబడేది ఇక్కడే. ఎఫ్‌డీ వరసలో అంకె, చిన్న అక్షరం తర్వాత పెద్ద డబ్ల్యూ అక్షరం ఉంటే లాక్ వాళ్లదే. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫైలు పేరు కొట్టండి.

దొరికాక మర్యాదగా ఆపండి. సోలర్‌కు స్టాప్ చెప్పాక అది మామూలుగా 180 సెకన్ల వరకు ఎదురుచూసి, అప్పటికీ ఆగకపోతే తానే చంపుతుంది. ఆ మూడు నిమిషాలు ఆగలేక ‘కిల్ మైనస్ 9’ కొడితే ఇండెక్స్ చివరి కమిట్ దగ్గరికి, అంటే చివరిసారి డిస్క్‌లో ఖాయం చేసిన చోటికి, వెళుతుంది. సోలర్‌కు ట్రాన్సాక్షన్ లాగ్ ఉంటే మిగిలినవి తిరిగొస్తాయి. సొంత జావా ప్రోగ్రాంలో అవి పోయినట్టే.

యార్డుకు సరుకు ముంచెత్తే ఫిబ్రవరి, మార్చిల్లో ఎక్కువగా వచ్చే తంటా వేరు. 15 నిమిషాలకోసారి క్రాన్‌లో, అంటే లినక్స్ టైమర్‌లో, నడిచే ఇండెక్సింగ్‌కు ఆ రోజు 20 నిమిషాలు పడుతుంది. మొదటిది ముగియకముందే రెండోది లేచి లాక్ దొరక్క పడిపోతుంది. క్రాన్ లైనుకు ముందు ‘ఎఫ్‌లాక్ మైనస్ ఎన్’ తగిలించండి, మొదటిది నడుస్తుంటే రెండోది చప్పుడు చేయకుండా తప్పుకుంటుంది.

కాన్ఫిగ్‌లో లాక్ టైప్ ‘సింపుల్’ అని ఉంటే కథ తిరగబడుతుంది. అక్కడ ఫైలు ఉండటమే లాక్. కరెంటు పోయి సర్వర్ పడిపోతే ఫైలు మిగిలిపోయి, ఎవరూ లేకపోయినా తలుపు మూసే ఉంటుంది. రాసే ప్రాసెస్ ఏ మెషీన్‌లోనూ లేదని తేల్చుకున్నాక దీన్ని చేత్తో తీసేయొచ్చు. ‘నన్’, అంటే లాకే వద్దు, అని మార్చుకోమని చెప్పేవాళ్లూ ఉంటారు, వినకండి.

ఇండెక్స్‌ను నెట్‌వర్క్ షేర్‌లో పెట్టడం మాత్రం మానుకోండి. లినక్స్ నెట్‌వర్క్ షేర్ అయిన ఎన్‌ఎఫ్‌ఎస్ మీద లాక్‌లు నమ్మకంగా పనిచేస్తాయని చెప్పలేం. పైగా పట్టుకున్నది పక్క మెషీన్ అయితే మీ మెషీన్‌లో ఎంత వెతికినా కనబడదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు షేర్‌లో ఉండనివ్వండి, ఇండెక్స్ మాత్రం సర్వర్ సొంత డిస్క్‌లో ఉండాలి. విండోస్ షేర్ తప్పకపోతే, షేర్ ఇచ్చిన సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడండి, ఏ యూజర్ తెరిచాడో తెలుస్తుంది. యాంటీవైరస్ స్కానింగ్ నుంచి, వన్‌డ్రైవ్ సింక్ నుంచి ఇండెక్స్ ఫోల్డర్‌ను తప్పించండి. లూసీన్ కమిట్ చేసేటప్పుడు ‘పెండింగ్ సెగ్మెంట్స్’ ఫైలు పేరు మారుస్తుంది, సరిగ్గా ఆ క్షణాన యాంటీవైరస్ దాన్ని పట్టుకుంటే కమిట్ ఫెయిలవుతుంది. టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే ఆఫీస్ తాత్కాలిక ఫైళ్లను కూడా ఇండెక్సింగ్ నుంచి తీసేయండి, ఊరికే లాగ్ నింపుతాయి.

ఇంతకుముందే ఎవరో లాక్ చెరిపేశారని అనుమానం ఉంటే, అన్నీ ఆపి ఫోల్డర్ కాపీ తీసుకుని లూసీన్‌తో వచ్చే ‘చెక్ ఇండెక్స్’ నడపండి. ఉత్తినే నడిపితే రిపోర్ట్ మాత్రమే ఇస్తుంది. ‘ఎక్సార్సైజ్’ ఆప్షన్ ఇస్తే పాడైన సెగ్మెంట్‌ను, అంటే ఇండెక్స్‌లోని ఆ ముక్కను, అందులోని బిల్లులన్నిటితో సహా తీసిపారేస్తుంది. అసలు పీడీఎఫ్‌లు భద్రంగా ఉంటే దాని జోలికి పోకుండా మొత్తం మళ్లీ ఇండెక్స్ చేయడమే మేలు. తొందర లేకపోతే యార్డుకు వేసవి సెలవులిచ్చేదాకా ఆగొచ్చు.