వారంటీ ఉన్న కారుకి రీమ్యాప్ చేయించే ముందు

కొత్త టర్బో కారు కొన్నవాళ్లు చాలామంది మొదటి సర్వీసు కాకముందే ఈసీయూ రీమ్యాప్ గురించి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్పించడం గురించి, ఆరా తీస్తుంటారు. పవర్ పెరుగుతుంది, నిజమే. కానీ "సర్వీసుకి ఇచ్చే ముందు పాత మ్యాప్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) మళ్లీ వేసేస్తాం, ఎవరికీ తెలీదు" అని రీమ్యాప్ చేసే ట్యూనర్ చెప్పే మాట మాత్రం దయచేసి నమ్మకండి. చాలా కార్ల ఈసీయూలో సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు రాశారో లెక్క ఉంటుంది. పాత మ్యాప్ తిరిగి వేసినా ఆ లెక్క వెనక్కి రాదు, పైగా ఇంకొకటి పెరుగుతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో ట్యూనింగ్ బయటపడితే కంపెనీ రికార్డులో టీడీ1 అనే కోడ్ పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్, టర్బో, గేర్‌బాక్స్ క్లెయిములు తిరస్కరించే అవకాశం ఎక్కువ.

పవర్ విండో పాడైతే దానికీ రీమ్యాప్‌కీ సంబంధం లేదు కదా, అలాంటి క్లెయిమ్ మాత్రం గట్టిగా అడగండి. క్లెయిమ్ కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో సంగతి, సర్వీసు సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీరు డబ్బు పోసి వేయించిన మ్యాప్ చెరిగిపోవచ్చు. రీమ్యాప్ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ముందే చెప్పాలి. నన్నడిగితే వారంటీ అయిపోయేదాకా ఆగడమే మేలు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని ఉంటే దాని షరతులూ ఓసారి చదవండి.