వివాదాల క్వార్టర్‌బ్యాక్: లోపం ఎక్కడుంది, బాగుపడేదేనా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు పాడు చేసుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు) మళ్లీ మైదానంలోకి వస్తున్నాడంటే చాలు, జనం రెండుగా చీలిపోతారు. వాడి పని అయిపోయిందని సగం మంది, ఒక్క ఛాన్స్ ఇచ్చి చూడమని సగం మంది. రెండు వైపులా మాటలన్నీ మనిషి చుట్టూనే తిరుగుతాయి. అతను చేసింది తప్పా కాదా అన్నది ఒక ప్రశ్న, మళ్లీ ఆడగలడా అన్నది ఇంకో ప్రశ్న. ఇక్కడ రెండోదే చూద్దాం.

లక్షణం: చేతిలో బలం ఉంది, కాళ్లలో వేగం ఉంది, పాస్‌లు మాత్రం సగమే చేరుతున్నాయి

అట్లాంటా ఫాల్కన్స్‌లో మైకేల్ విక్ ఇలాగే ఉండేవాడు. 2001 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్తవాళ్లను వరుసగా ఎంచుకునే తంతులో) మొట్టమొదట ఎంపికైన ఆటగాడు. 2006లో బంతితో 1,039 గజాలు పరుగెత్తాడు. అంతకుముందు ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా ఒక సీజన్‌లో వెయ్యి దాటలేదు. అదే ఏడాది అతని పాస్‌లు చేరింది 52.6 శాతమే.

కారణం: చేతిలో కాదు, చూపులో. మొదటి రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ఖాళీగా లేకపోతే రెండో వాడిని వెతకడం మానేసి పరుగు అందుకునేవాడు. ఆ రోజుల్లో పాత ఆటల ఫిల్మ్ చూసి ప్రత్యర్థిని చదివే అలవాటు తనకు లేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఒళ్లు వంచకుండానే అంత ఆడేశాడంటే ఆ ప్రతిభ ఏపాటిదో చూడండి.

ఎలా కనిపెట్టాలి: టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, మీరు పోకండి. స్నాప్ పడగానే, అంటే బంతి వెనక్కి అతని చేతికి అందగానే, క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ మీద కన్నేయండి. అది ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరిగిందా, లేక ఒక్క చోటే చూసి కాళ్లకు పని చెప్పాడా? పది పన్నెండు పాస్‌లు చూస్తే విషయం తెలిసిపోతుంది.

పరిష్కారం: మంచి కోచ్, బెంచ్ మీద కొంత కాలం, పోటీ భయం. కుక్కల మధ్య పోట్లాట పందేల కేసులో 2007 డిసెంబర్‌లో విక్‌కు 23 నెలల శిక్ష పడింది. 2009లో బయటికొచ్చాక ఫిలడెల్ఫియా ఈగల్స్ తీసుకుంది. ఆ ఏడాది ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డోనవాన్ మెక్‌నాబ్ వెనక కూర్చుని, కోచ్ ఆండీ రీడ్ దగ్గర ఆట నేర్చుకున్నాడు. 2010 మొదటి ఆటలో కొత్త ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కెవిన్ కోబ్ తలకు దెబ్బ తగిలితే అవకాశం వచ్చింది. ఆ సీజన్‌లో 62.6 శాతం పాస్‌లు చేరాయి, 21 టచ్‌డౌన్ పాస్‌లకు (స్కోరు తెచ్చినవి) 6 ఇంటర్‌సెప్షన్లే (ప్రత్యర్థి చేజిక్కించుకున్నవి). కమ్‌బ్యాక్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అవార్డు అతనికే దక్కింది. రెండు సీజన్లు ఆటకు దూరమై, ముప్పై ఏళ్ల వయసులో పాస్‌ల శాతాన్ని పది పెంచుకోవడం మామూలు విషయం కాదు.

లక్షణం: జట్టు గెలుస్తోంది, పాస్‌లు చూస్తే భయమేస్తోంది

టిమ్ టీబో. 2011లో డెన్వర్ బ్రాంకోస్ పగ్గాలు అందుకుని 7 గెలిచాడు, 4 ఓడాడు. కాన్సస్ సిటీ మీద 8 పాస్‌లు విసిరితే 2 చేరాయి, అయినా గెలిచారు! సీజన్ మొత్తం మీద 46.5 శాతం.

కారణం: విసిరే తీరు. బంతిని కింద నడుం దాకా దించి, పెద్ద చుట్టు తిప్పి వదిలేవాడు. ఆ అరక్షణంలో డిఫెండర్ వచ్చి చేరేవాడు. గెలుపుల్లో డిఫెన్స్ వాటా పెద్దది.

పరిష్కారం: దాదాపు లేదు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన తీరు ప్రాక్టీసులో మారినట్టే ఉంటుంది, మీదికి మనిషి దూకగానే పాతదే బయటికొస్తుంది. 2012 మార్చిలో మేటి క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ దొరకగానే డెన్వర్ టీబోను న్యూయార్క్ జెట్స్‌కు పంపేసింది. తర్వాత పేట్రియాట్స్, ఈగల్స్ కూడా సీజన్ మొదలవకముందే వదిలేశాయి.

లక్షణం: ఒకప్పుడు అన్నీ ఉన్నాయి, ఇప్పుడు ఏదీ లేదు

డెషాన్ వాట్సన్ 2020లో హ్యూస్టన్ తరఫున 4,823 గజాలతో లీగ్ మొత్తానికి పైన నిలిచాడు, 70.2 శాతం పాస్‌లు చేరాయి. ఆ తర్వాత 20 మందికి పైగా మహిళలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో దావాలు వేశారు. అతను ఖండించాడు. క్రిమినల్ కేసు నడవలేదు గానీ లీగ్ 11 ఆటల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఈలోగా క్లీవ్‌లాండ్ అతనికి 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో రాసిచ్చింది. తిరిగొచ్చాక 2022లో 58.2 శాతం.

కారణం: ఒకటి కాదు. 2021 అంతా ఆడలేదు. 2023లో భుజం ఎముక విరిగింది. 2024 అక్టోబర్‌లో అకిలీస్ స్నాయువు తెగింది, మానుతుండగా మళ్లీ తెగింది. 2024లో ఆడిన 7 ఆటల్లో 33 సార్లు శాక్ అయ్యాడు (బంతి విసరకముందే పడగొట్టారు). అందులో ముందు కాపు కాసే లైన్ తప్పు కొంత ఉన్నా, బంతిని పట్టుకుని తాత్సారం చేయడం అతనిదే.

పరిష్కారం: బంతి త్వరగా వదిలేలా ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) మార్చవచ్చు. స్నాయువుకు మాత్రం ప్లేబుక్ లేదు. ఇలాంటి చోట నేనైతే ఆశ పెట్టుకోను.

లక్షణం: అంకెలు పర్వాలేదు, ఒక్క జట్టూ పిలవడం లేదు

కాలిన్ కేపర్నిక్ 2016లో 16 టచ్‌డౌన్ పాస్‌లు, 4 ఇంటర్‌సెప్షన్లు. మొదటి నుంచి ఆడిన 11లో ఒక్కటే గెలిచాడు, కానీ ఆ శాన్ ఫ్రాన్సిస్కో జట్టే గుల్ల. అతను జాతి వివక్షకు నిరసనగా జాతీయ గీతం వేళ మోకాలి మీద కూర్చున్న ఏడాది అది. 2017 నుంచి ఒక్క జట్టూ ఒప్పందం ఇవ్వలేదు. కారణం యజమానుల గదిలో ఉంది, పరిష్కారం కోచ్ చేతిలో లేదు. కావాలనే దూరం పెట్టారన్న ఫిర్యాదు మీద 2019లో లీగ్‌తో రాజీ కుదిరింది గానీ, ఆట మాత్రం తిరిగి రాలేదు.

లక్షణం: తిరిగొచ్చి మెరిశాక మళ్లీ జారుడు

మళ్లీ విక్ దగ్గరికే. 2011లో 14 ఇంటర్‌సెప్షన్లు, 2012లో చేజారిన బంతులు, తలకు దెబ్బ. ఒక ఏడాది ఫిల్మ్ చేతికి రాగానే ప్రత్యర్థులు బ్లిట్జ్‌తో (అదనపు మనుషులతో ఒక్కసారిగా) మీద పడ్డారు. బక్క శరీరం, వయసు వాటికి తోడయ్యాయి.

పరిష్కారం ఆటగాడిది కాదు, జట్టుది: ఏడాదికి మించి ఒప్పందం రాయకపోవడం. ఈగల్స్ 2011లో ఆరేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం రాసి, 2013లో దాన్నే ఏడాదికి కుదించుకుంది. ఆ ఏడాది విక్ తొడ కండరం పట్టేయగానే బెంచ్ మీదున్న నిక్ ఫోల్స్ వచ్చి 27 టచ్‌డౌన్ పాస్‌లకు 2 ఇంటర్‌సెప్షన్లతో ఆ చోటు తనదే చేసుకున్నాడు.