హైడ్రేట్ పాఠాలు – 4: నూనెకీ నీటికీ నడుమ నానోకణం

హైడ్రేట్ అంటే నీరు వాయువుని లోపల పట్టుకుని మంచులా గట్టిపడిన గడ్డ; అది గొట్టాన్ని మూసేస్తుంది. పోయిన పాఠంలో హామర్‌ష్మిట్ సూత్రంతో, దాన్ని ఆపే మిథనాల్ లెక్క కట్టాం. నీటిలో బరువుకి 20 శాతం మిథనాల్ ఉంటే హైడ్రేట్ కట్టే ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు దిగింది.

పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థి అడిగారు: పారాదీప్ నుంచి బరంపురం మీదుగా హైదరాబాద్ వైపు వేసిన పైపులైనుకి ఈ బెడద ఉందా? లేదు. అందులో నడిచేవి శుద్ధి చేసిన పెట్రోలు, డీజిలు. హైడ్రేట్ కట్టాలంటే నీరు, మీథేన్ లాంటి వాయువు, ఒత్తిడి, చలి నాలుగూ ఒక్కచోట చేరాలి. 4 డిగ్రీల దగ్గర మీథేన్‌కి 40 బార్ చాలు. సముద్రం అడుగున ముడిచమురు గొట్టంలో ఆ నాలుగూ ఉంటాయి. 2010లో మెక్సికో సింధుశాఖలో పేలిన బావి చమురు కారుతున్న చోటి మీదికి దించిన ఉక్కు గోపురం ఈ గడ్డలతోనే మూసుకుపోయింది.

మిథనాల్ గడ్డ కట్టనివ్వదు. ఇవాళ్టి నానోకణాల (మీటరులో వందకోట్లో వంతు కొలతలో ఉండే సిలికా లాంటి రేణువుల) పని వేరు. చమురులోని నీటిబొట్టు చుట్టూ అవి కంచెలా నిలిస్తే, బొట్టు గట్టిపడ్డా పక్కదానికి అతుక్కోదు, చమురుతోపాటే సాగిపోతుంది.

మరి కణం అక్కడ నిలుస్తుందా? లెక్క చూడండి. కణం వ్యాసార్ధాన్ని వర్గం చేసి, πతో, నూనె–నీటి తలతన్యతతో (ఆ రెంటి సరిహద్దు పొరలోని బిగువుతో) గుణించండి. స్పర్శకోణపు (కణాన్ని నూనె–నీటి సరిహద్దు తాకే కోణపు) కొసైన్‌ని రుణ గుర్తు వదిలి 1లోంచి తీసేయండి. మిగిలినదాన్ని వర్గం చేసి మళ్లీ గుణించండి. కణాన్ని అక్కణ్ణుంచి పెరకడానికి కావలసిన శక్తి వస్తుంది.

వ్యాసార్ధం 10 నానోమీటర్లు, తలతన్యత మీటరుకి 0.025 న్యూటన్లు, కోణం 90 డిగ్రీలు అనుకుందాం. 7.85×10⁻¹⁸ జౌల్స్ వస్తుంది. 4 డిగ్రీల దగ్గర వేడి కదలిక శక్తి 3.8×10⁻²¹ జౌల్స్, దానికి ఇది దాదాపు 2,050 రెట్లు. కణం కదలదు. అదే కోణం 150 అయితే 37 రెట్లే! అందుకే నీరంటే బొత్తిగా గిట్టని సిలికా పనికిరాదు. నీటివైపు కొలిచిన కోణం 90 దాటి కొద్దిగానే ఉండాలి. అప్పుడే బొట్టు చమురులో విడిగా నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. కణాల ఉపరితలమే హైడ్రేట్ మొలకెత్తే చోటు కావచ్చు. కొన్ని నానోకణాలు గడ్డని త్వరపెడతాయి కూడా. కాబట్టి మిథనాల్ మానేసి వీటినే నమ్ముకోమని నేను చెప్పను. ఈ పద్ధతి చాలావరకు ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది.

అభ్యాసం: వ్యాసార్ధం 5 నానోమీటర్లు, కోణం 120, తలతన్యత అదే. దాదాపు 130 రెట్లు రావాలి. రాకపోతే వర్గం చేసిన చోట సరిచూసుకోండి.