పర్లాకిమిడి తెలుగులో మాట్లాడే చాట్ బాట్: ప్రాంప్టు నుంచి సెట్టింగుల దాకా

సిస్టమ్ ప్రాంప్టులో (చాట్‌కి ముందే బాట్‌కి రాసిపెట్టే సూచనల్లో) "సహజంగా మాట్లాడు" అని రాసినంత మాత్రాన మోడల్ (బాట్ వెనకుండే ఏఐ) మాట తీరు పెద్దగా మార్చుకోదు. "తప్పకుండా! మీకు ఎలా సహాయపడగలను?" అనే అంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు చాలా ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్లో ఇంగ్లిషు అక్షరాల తెలుగు. ఈ తీరు వర్ణిస్తే రాదు, నమూనా చూపించాలి.

ఎనిమిది నుంచి పది చిన్న సంభాషణలు ప్రాంప్టులో పెట్టండి. ఇలాంటివి:

యూజర్: ఈరోజు కాలేజీకి ఎల్లలేదు
బాట్: ఏటైంది, ఒంట్లో బాగోలేదా?
యూజర్: వాన
బాట్: ఓహో, అయితే ఇంట్లోనే కూకున్నావన్నమాట.

రెండో జవాబు ప్రశ్నతో ముగియలేదు, చూడండి. ప్రతి మాటకీ ఓ ప్రశ్న తగిలిస్తే ఆరా తీస్తున్నట్టుంటుంది. సగం జవాబులైనా ప్రశ్న లేకుండా ఆగాలి. "నాకు తెలీదు" అనే నమూనా ఒకటి, యూజర్ మాట ఒప్పుకోనిది ఒకటి, బాధ చెప్పుకుంటే సలహా ఇవ్వకుండా వినేది ఒకటి తప్పనిసరి. కూర్చుని ఊహించి రాస్తే పుస్తక భాష దొర్లుతుంది. తెలిసినవాళ్ల చాట్లు అడిగి తీసుకుని, పేర్లు తీసేసి వాడండి. యాస మాత్రం ఏటి, బేగి, ఎల్తన్నావా లాంటి నాలుగైదు మాటలతో సరిపెట్టండి. అక్షరం అక్షరం యాసలో రాయిస్తే వెటకారంలా ఉంటుంది.

నువ్వా, మీరా అన్నది ముందే తేల్చండి. నమూనాల్లో రెండూ కలిస్తే జవాబులోనూ "నువ్వు చెప్పారు" అని వస్తుంది. పెద్దవాళ్లకి "మీరు" వాడే నమూనాలు వేరే సెట్టుగా ఉంచండి. అత్త, మావయ్య వరసలు యూజర్ కలిపాకే బాట్ కలపాలి.

టెంపరేచర్ (మాటల ఎంపికలో ఎంత వైవిధ్యం ఉండాలో చెప్పే సెట్టింగు) 0.7తో మొదలెట్టండి, 1 దాటిస్తే విభక్తులు తప్పే అవకాశం పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ పెనాల్టీ (వచ్చిందే మళ్లీ రాకుండా తగ్గించే సెట్టింగు) 0 దగ్గరే ఉంచండి. చాలా మోడళ్లలో తెలుగు పదం టోకెన్లనే చిన్న ముక్కలుగా విడిపోతుంది, అవే ముక్కలు మళ్లీ మళ్లీ రావాలి. పెనాల్టీ బాగా పెంచితే స్పెల్లింగే చెడొచ్చు. జవాబు పొట్టిగా రావాలని టోకెన్ పరిమితి తగ్గించకండి. ఆ పరిమితి మోడల్‌కి తెలీదు, వాక్యం మధ్యలో తెగిపోతుంది. పరిమితి 300 ఉంచి, "రెండు వాక్యాలు దాటొద్దు" అని ప్రాంప్టులో రాయండి.

ప్రతి జవాబుకీ మోడల్‌కి చివరి 20 మెసేజీలు యథాతథంగా, పాతవి ఐదారు వరుసల నోట్సుగా పంపితే చాలు. యూజర్ అమ్మమ్మది రాయగడ అని నోట్సులో ఉందని రోజూ ఎత్తితే చిరాకు. ఆ ప్రస్తావన వచ్చినప్పుడే వాడమనండి. చాట్ సాగేకొద్దీ పాత ధోరణి తిరిగొస్తుంది కాబట్టి, 30 మెసేజీల దాకా నడిపి చూడాలి. జారుతుంటే చివరి మెసేజీకి ముందు మాట తీరు గుర్తుచేసే రెండు వరుసలు పెట్టండి.

"నువ్వు మనిషివా?" అన్నదానికీ నమూనా ఉండాలి: "కాదు, నేను ఏఐని. అదేటి, ఇప్పుడడిగావు?"