ఎకో టూరిజం టూర్ సరిగ్గా ప్లాన్ చేసుకోవడం ఎలా?

పేరులో 'ఎకో' అని, బోర్డు మీద ఒక ఆకు బొమ్మ కనిపిస్తే చాలు, చాలామంది వెంటనే బుక్ చేసేస్తున్నారు. నేను ఏళ్ల తరబడి అడవుల్లో, తీరాల్లో తిరుగుతున్నాను. వెళ్లిన ప్రతిచోటా ఈ పొరపాటు చూసి బాధేస్తోంది. మనం వెళ్లినందువల్ల ఆ అడవి నిలబడాలి, దాని పక్కన బతికే మనుషుల చేతికి డబ్బు అందాలి. ఈ రెండూ జరగకపోతే అది మామూలు టూరే.

1. రోజులు

ఒకే చోట కనీసం మూడు రాత్రులు ఉండాలి. నాలుగు రోజుల్లో ఐదు చోట్లు చుట్టేస్తే డబ్బంతా డీజిల్‌కే పోతుంది.

2. సామాను

మట్టి రంగు బట్టలు, మంచినీళ్ల సీసా, బైనాక్యులర్స్, టార్చి. సెంటు, స్పీకర్, డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. సముద్రంలో దిగేవాళ్లు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే సన్‌స్క్రీన్ చాలావరకు తగ్గించుకోవచ్చు. పగడపు దిబ్బలను కాపాడుకోవడానికి పసిఫిక్ సముద్రంలోని పలావు అనే చిన్న దేశం ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్లను 2020 నుంచే నిషేధించింది.

3. డబ్బు ఎవరికి చేరుతుందో కనుక్కోవడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కాస్త ఓపిగ్గా చదవండి.

ఒకసారి నేను కూడా బోర్డు నమ్మి అడవి అంచున ఒక రిసార్టులో దిగాను. వంటవాళ్లు, డ్రైవర్లు, గైడ్లు అందరూ బయటి నుంచి వచ్చినవాళ్లే. పక్క ఊరివాళ్లకు దక్కినవి దుమ్ము, చెత్త మాత్రమే. అలాంటప్పుడు ఆ అడవిని కాపాడాలని వాళ్లకు ఎందుకు అనిపిస్తుంది?

అందుకే అడ్వాన్స్ కట్టే ముందు ఫోన్ చేసి ఇవి అడగండి: గైడ్ ఏ ఊరివాడు? స్థలం ఎవరిది? బియ్యం, కూరగాయలు ఎక్కడ కొంటారు? ఎంట్రీ ఫీజులో ఊరికి వాటా ఎంత? రోజుకు ఎంతమందిని లోపలికి పంపుతారు? "స్థానికులకు అండగా ఉంటాం" అనేది జవాబు కిందికి రాదు. ఊరి పేరు, మనుషుల సంఖ్య, శాతం చెప్పాలి. నీళ్లు నమిలితే ఇంకో చోటు వెతుక్కోండి.

వాటా గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆఫ్రికాలోని రువాండా దేశంలో పర్వత గొరిల్లాలను చూడటానికి విదేశీయుల పర్మిట్ ధర 2017లో 1,500 డాలర్లకు పెంచారు. పార్కుల పర్యాటక ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది. బళ్లు, ఆసుపత్రులు, తాగునీళ్లు ఆ డబ్బుతో వస్తున్నాయి. ఒకప్పుడు వేటకు వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పుడు పర్యాటకుల సామాను మోసి సంపాదిస్తున్నారు. గస్తీ, పశువైద్యం కూడా తోడయ్యాయి. 2018 నాటికి ప్రపంచం మొత్తం మీద పర్వత గొరిల్లాలు వెయ్యి దాటాయి. ఆఫ్రికాలోనే మరో దేశం నమీబియా 1996లో చట్టం తెచ్చి, తమ ప్రాంతంలోని వన్యప్రాణుల వల్ల వచ్చే ఆదాయం మీద ఊరివాళ్లకే హక్కు ఇచ్చింది.

రోజుకు ఎంతమంది అన్న ప్రశ్న కూడా వదలొద్దు. థాయిలాండ్‌లోని మాయా బే తీరానికి రోజూ వేలమంది రావడంతో పగడాలు దెబ్బతిని, 2018లో దాన్ని మూసేశారు. జనం లేని ఆ కాలంలో సొరచేపలు తిరిగొచ్చాయి. 2022లో పరిమితులు పెట్టి మళ్లీ తెరిచారు.

రేటింగులు చూసి ఎంచుకుంటామంటారు కొందరు. రేటింగులో దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది, డబ్బు ఎటు పోతుందో తెలియదు. పది నిమిషాల ఫోన్ కాల్‌లో తెలుస్తుంది. ఎకో టూరిజం సర్టిఫికెట్ ఉందంటే ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అని అడగండి. అది లేదని మాత్రం ఊరివాళ్లు నడిపే చిన్న బసను పక్కన పెట్టేయకండి. ఆ ఖర్చు వాళ్లు భరించలేరు.

4. అక్కడికి వెళ్లాక

గైడ్ చెప్పిన దూరం దాటొద్దు. ఈక్వడార్ దేశానికి చెందిన గాలాపగోస్ దీవుల్లో ఏ జంతువుకైనా కనీసం 2 మీటర్ల ఎడం పాటించాలి. రువాండాలో ఒక గొరిల్లా గుంపు దగ్గరికి రోజుకు 8 మందినే, ఒక్క గంటసేపే పంపుతారు, ఎందుకంటే మన జలుబు వాటికి అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తింటున్న జంతువు మేత ఆపి మీవైపే చూస్తోందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్నమాట, వెనక్కి రండి. ఇంకా దగ్గరికి తీసుకెళ్లమని గైడ్‌కు టిప్ ఆశ చూపకండి. టిప్ చివరి రోజున నేరుగా అతని చేతికే ఇవ్వండి.

5. తిరిగొచ్చాక

అరుదైన జంతువు ఫొటో పెడితే లొకేషన్ తీసేయండి. వేటగాళ్లు కూడా అవే ఫొటోలు చూస్తారు. ఊరి పేరు, గైడ్ పని గురించి మాత్రం అతన్ని అడిగి వివరంగా రాయండి, తర్వాత వచ్చేవాళ్లు నేరుగా అతన్నే వెతుక్కుంటూ వెళ్తారు.